కడుపులో గడ్డ లేదట

ఈ రోజు కాలేజీ నుంచి పుస్తకాలతోనే వెళ్లి నెల్లూరులో లేడీ డాక్టరుకు చూపించుకున్నాను. పుల్లలా ఉండే నాకు పొట్ట మాత్రం ముందుకు వచ్చింది. మా పిన్ని కడుపులో గడ్డతో పోయింది. ఆమెకూ మొదట ఇలాగే కనిపించిందట. వారం రోజులుగా నాకు నిద్ర లేదు.

డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, మడమలు, వీపు, తల గోడకు తగిలేలా నన్ను నిలబెట్టారు. పొట్ట చాలావరకు లోపలికి పోయింది.

"గడ్డా లేదు, గిడ్డా లేదు. పుస్తకాలు గుండెలకి అదుముకోని అట్ట వంగి నడిస్తే పొట్ట ముందుకు రాక ఏం చేస్తాదమ్మా?"

"మరి మందు?"

"తల ఎత్తి నడువు. అదే మందు."

బస్టాండు దారిలో, మగవాళ్లు కూర్చున్న అంగళ్ల ముందు, అలా నడవబోయాను. పది అడుగులకే మళ్లీ తల దించి, పుస్తకాలు గుండెలకి అదుముకున్నాను. చేదు మందైతే కళ్లు మూసుకుని మింగేదాన్ని. ఇది చదువుతున్న ఆడవాళ్లూ, తల ఎత్తి నడవడం మీరెలా నేర్చుకున్నారో చెబుతారా?