పోర్ట్ డిక్సన్‌లో తాత సంవత్సరీకం

పోయిన నెల మా అమ్మాయి నన్ను క్లాంగ్ నుంచి పోర్ట్ డిక్సన్ తీసుకుపోయింది. అక్కడ షికారు పడవలు కట్టేసుకునే రేవు ఒకటి వచ్చింది. దాని పక్కనే తెల్ల గోడలు, నీలం తలుపులు, వంపు తిరిగిన గుమ్మాలతో ఒక హోటలు. "మెడిటరేనియన్ స్టైల్ లా, అమ్మా," అంది. మధ్యధరా సముద్రాన్ని నేను చూడలేదు, ఇక చూసేదీ లేదు కాబట్టి ఒప్పేసుకున్నాను. పడవలు దాటి నాలుగడుగులు వేస్తే చిన్న ఇసుక ఒడ్డు, నాలుగైదు సరుగుడు చెట్లు. మనవలు గుమ్మాల కింద ఫోటోలు దిగుతుంటే నేను చెట్ల దగ్గరే ఆగిపోయాను. మా తాత సంవత్సరీకం పెట్టింది అక్కడే.

అప్పుడు నాకు పదేళ్ళు. ఇంకొన్ని నెలల్లో మలయాకు మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వస్తుందని అందరూ అంటున్నారు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులను అణచడానికి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ మాత్రం ఇంకా పోలేదు. నాన్న రబ్బరు తోటలో గుమాస్తా. సుంగై సుమున్ తోట నుంచి బదిలీ మీద ఈ వైపు వచ్చాడు. నిద్రలో కూడా ప్యాంటు మడత చెడనివ్వడని అమ్మ వేళాకోళం చేసేది. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, నలభై ఏళ్ళు రబ్బరు పాలు తీసి, "ఊరికి ఎల్లిపోదాం" అంటూనే కన్నుమూశాడు. ఆ మాట మామ్మ పట్టుకుంది. సముద్రం ఒడ్డున పిండం పెడితే అది అవతలి ఒడ్డుకు, అంటే మా ఊరికి, చేరుతుందని ఆవిడ నమ్మకం. ఆ నీళ్ళకు అవతల ఉన్నది సుమత్రా అని నాన్నకు తెలుసు, అయినా చెప్పలేదు. కాకి ముద్ద ముడితే తాత తృప్తి పడినట్టు. ఆ పని కాగానే ఇంటిల్లిపాదీ ఓడెక్కడమే అని మామ్మ తోటంతా చెప్పుకుంది.

చిక్కల్లా అన్నంతోనే వచ్చింది. అడవిలో వాళ్ళకు తిండి అందకూడదని మా తోట చుట్టూ ముళ్ళకంచె వేసి గేటు పెట్టారు. బియ్యపు గింజ గానీ, వండిన మెతుకు గానీ ఆ గేటు దాటకూడదు. ఆ సంగతి తమిళంలోనూ తెలుగులోనూ రాసి గేటుకు అంటించింది సాక్షాత్తు మా నాన్నే. అయినా మామ్మ తెల్లవారుతూనే వండి, మూడు ముద్దలు చేసి, వక్కాకు డబ్బాలో ఆకుల కింద దాచింది. ఆడవాళ్ళను తనిఖీ చేసే తమిళావిడ ఆకు ఎత్తి చూసింది. అది దేనికో ఆవిడకు చెప్పాల్సిన పని లేదు. "తెరియుం పాట్టీ, ఆనా విడ ముడియాదు," అంది మెల్లగా. తెలుసమ్మా, కానీ వదల్లేను అని. ముద్దలు తీసి పక్కన పెట్టి, ఎవరికీ చెప్పకుండా మమ్మల్ని పంపేసింది. నాన్న తను అంటించిన కాగితం వైపు చూడకుండా గేటు దాటాడు. బస్సెక్కి పట్నం చేరాం.

ఒడ్డున ఒక మలయ్ ఆవిడ కొబ్బరిపాలతో వండిన అన్నం, నాలుగు వేయించిన నెత్తళ్ళ చేపలు వేసి, అరిటాకు పొట్లాలుగా అమ్ముతోంది. మామ్మ ఒక పొట్లం తీసుకుంది. పరాయి పొయ్యి మీద వండింది పెట్టొచ్చా అని నాన్న నసిగాడు. అచ్చం గుమాస్తా ప్రశ్నే. "ఎవులు వండితేటి? గేటు కాడ కూడు లాగేసినప్పుడు నీ నోరు నెగిసిందేటి?" అంది. నెత్తళ్ళు తీసేద్దామని అమ్మ చెయ్యి చాపింది. "ఉండనీ, ఆయనకి నెత్తళ్ళంటే పేణం," అంది మామ్మ. నాన్న సముద్రంలో మునిగి, తడి పంచెతో వణుకుతూ వచ్చి, ఆకులో ముద్ద పెట్టాడు. నాన్న మోకాళ్ళు చూడడం నాకు అదే మొదటిసారి.

కాకులకేం తక్కువ లేదు. సరుగుడు చెట్ల మీద బారులు తీరి కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ వాలింది. ఐదింటి బస్సు తప్పితే ఆరింటికి మూసేసే గేటు దాటలేం. కర్ఫ్యూలో బయట దొరికితే లాకప్పు, నాన్న ఉద్యోగానికి నీళ్ళు. ఇక్కడి కాకులకు మన ఆచారం తెలీదేమో అంది అమ్మ. చివరికి మామ్మ నాన్న భుజం పట్టుకుంది. "ఆయన ఏటి అడిగినాడో నీకు తెల్దేటి? 'ఊరికి ఎల్తాం అయ్యా' అని మాటియ్యి. అప్పుడు ముడతాది."

అంత అవసరంలో ఎవరైనా ఒక అబద్ధం ఆడేస్తారు. కాకికి చెప్పిన అబద్ధానికి సాక్షులెవరు? నాన్న చేతులు జోడించాడు.

"అయ్యా, నాను ఎల్లను. ఈ దేశపోడినని కాయితం మీద సంతకం ఎట్టేసినాను. అమ్మకి సెప్పనేదు. గుంటలు ఇక్కడే పుట్టినారు, ఇక్కడే సదువుతన్నారు. కోపముంటే నా మీద ఎట్టుకో. కూడు మాత్రం తిను."

మామ్మ చెయ్యి నాన్న భుజం మీంచి జారింది. మేము నాలుగడుగులు వెనక్కి జరిగాం. జరిగినందుకు వచ్చిందో, నెత్తళ్ళ వాసనకు వచ్చిందో, నాన్న మాటకే వచ్చిందో, ఒక ముసలి కాకి దిగింది. ముందు నెత్తళ్ళు లాక్కుంది. తర్వాత అన్నంలో ముక్కు పెట్టింది.

మామ్మ నాన్నను తిట్టలేదు, ఏడవనూ లేదు. "ఆయనే ఒప్పేసుకున్నాక ఇంక నానేటంతాను? పదండి, బస్సెల్లిపోతాది," అంది. సముద్రం వైపు తిరిగి చూడకుండా అందరికంటే ముందు నడిచింది. నాకు ఆవిడ మీద జాలేసింది, ఎందుకో మాత్రం తెలియలేదు. ఇప్పుడు తెలుసు, జాలి కూడా పెరిగింది. మామ్మ ఓడ దిగి అప్పటికి నలభై ఏళ్ళు దాటింది. కానీ ఆవిడ ఈ దేశానికి వచ్చింది ఆ సాయంత్రమే.