పౌడరు డబ్బాలో మట్టి

ఒక పౌడరు డబ్బాలో పట్టేంత మట్టి. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు అంతే. చేత్తో ఎత్తితే అరకేజీ కూడా ఉండదు. కానీ దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక, ఎవరి ముందు విప్పినా నన్ను దోషిగా చూస్తారన్న భయంతో, అలా చూడటం న్యాయమేనని కూడా తెలిసి, ఇప్పటిదాకా లాక్కొచ్చాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నాను.

ముందు నా బుద్ధి గురించి చెప్పాలి. నాకు ఎవరిమీదా నమ్మకం ఉండదు. పాలు పోసే ఆయన ఎదురుగానే గిన్నెలో వేలు ముంచి చూసేదాన్ని. కొబ్బరికాయ కొంటే నాలుగుసార్లు ఊపి, ఐదోసారి చెవి దగ్గర పెట్టుకునేదాన్ని. ఎవరైనా నన్ను చూసి ఊరికే నవ్వితే, వీళ్ళకి నాతో ఏం పని పడిందో అనుకునేదాన్ని. ఇదంతా తెలివేనని చాలాకాలం నమ్మాను. ధవళేశ్వరంలో నీటిపారుదల ఆఫీసులో టైపిస్టుని. రాజమండ్రి నుంచి రోజూ స్కూటరు మీద వెళ్ళొచ్చేదాన్ని. అప్పటికి ముప్పై ఆరేళ్ళు. పెళ్ళి కాలేదు. వచ్చిన ప్రతి సంబంధంలోనూ ఏదో ఒక మోసం వెతికి పట్టుకున్నాను.

అలాంటి నాకు కారు మీద మోజు పుట్టింది. మామూలు కారు కాదు, స్పోర్ట్స్ కారు. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తుంటే, రెండు తలుపుల చిన్న ఎర్ర కారు, పైన గుడ్డ టాపుతో, నా స్కూటరుని దాటి వెళ్ళింది. రెండే సీట్లు. మూడో మనిషి ఎక్కడానికి చోటే లేదు. మా వదినలు, వాళ్ళ పిల్లలు, "దారిలోనే కదా, దింపేసి వెళ్ళు" అనేవాళ్ళు, ఎవ్వరూ ఎక్కలేరు. ఆ ఊహ నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. కొత్తది నా తాహతుకి ఎలాగూ అందదు. సెకండ్ హ్యాండ్‌లో వెతకడం మొదలుపెట్టాను.

కాకినాడలో ఒకటి చూశాను. కొత్త రంగు కింద పాత దెబ్బ తగిలింది చేతికి. భీమవరంలో ఇంకొకటి. మీటరు చూస్తే బండి పెద్దగా తిరగనే లేదు, స్టీరింగు మాత్రం నున్నగా అరిగిపోయి ఉంది. రెండుచోట్లా మోసాన్ని పట్టుకున్నానని గర్వపడ్డాను. నా అనుమానానికి అన్నం పెట్టినట్టయింది.

మూడోది పట్టిసీమ దగ్గర, ఏటి ఒడ్డున ఉన్న ఊళ్ళో. రత్నంగారని ఒక పెద్దావిడది. ఆవిడ భర్త పొగాకు వ్యాపారి, కార్లంటే ప్రాణం పెట్టేవాడట. ఆయన పోయాక దాన్ని నడిపేవాళ్ళు లేరు. బండి బాగోగులు చూసేది సత్తిబాబు అనే మెకానిక్కు. రత్నంగారి ఇంటి ముందు రేకుల షెడ్డులోనే అతని గ్యారేజీ. పదిహేనేళ్ళుగా అక్కడే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు ఏడాది గోదావరి పొంగి ఒడ్డు ఊళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. ఆ తర్వాత మా వైపు పాత బండి కొనేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. నీళ్ళు చూసిందా? మునిగిన బండిని కడిగి, ఆరబెట్టి, లోపల సెంటు కొట్టి అమ్మేసేవాళ్ళు. ఎంత కడిగినా ఒండ్రుమట్టి మాత్రం ఏదో మూల ఉండిపోయేది. దాన్ని పట్టుకోవడమే కొనేవాళ్ళ విద్య.

సత్తిబాబు నీళ్ళు తగలనే లేదన్నాడు. నీరు వస్తోందని తెలియగానే తానే ఏటిగట్టు మీదికి తోలుకెళ్ళి, నీరు తీసేదాకా అక్కడే కాపలా ఉన్నానన్నాడు. ఇంట్లో సామాను వదిలేసి ఇంకొకరి కారుకి కాపలా ఎవరు కాస్తారు? నేను నమ్మలేదు. కార్పెట్ వాసన చూశాను. సీటు కింద పట్టాల్లో చెయ్యి పెట్టి తడిమాను. స్టెప్నీ తీయించి దాని గుంతలో వేళ్ళతో గీకాను. ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోవడమే నాకు పెద్ద అనుమానమైంది. ఊరు ఊరంతా తడిస్తే ఇదొక్కటే ఎలా పొడిగా ఉంది? ఇంత శుభ్రంగా కడిగాడంటే ఎంత దాచాలని కడిగాడో!

ధర కూడా నేను అనుకున్నదానికంటే ఎక్కువ. సత్తిబాబుకి అందులో వాటా ఉండి ఉంటుందని ఇంటికి వచ్చేలోపే తీర్మానించేశాను.

ఎండాకాలం. డెల్టా కాలవలు కట్టేసి పూడిక తీస్తున్నారు. మా ఆఫీసు వెనకే కాలవగట్టు మీద మట్టి కుప్పలు. ఒక సాయంత్రం ఎవరూ చూడకుండా గుప్పెడు మట్టి కవర్లో వేసుకున్నాను. డాబా మీద ఎండబెట్టాను. నలిపి, ఖాళీ పౌడరు డబ్బాలో పోశాను. మూడు రోజులు పట్టింది. తొందరలో చేశానని అనడానికి వీల్లేదు, చూశారా? మరి ఏమని చెప్పుకున్నానో తెలుసా? ఇది పరీక్ష అని. అతను నిజాయితీపరుడైతే ఆ మట్టి చూసి ఆశ్చర్యపోతాడు, దొంగైతే తడబడతాడు. అంతే, చూసి చెప్పేస్తాను, అనుకున్నాను. ఆ మాట నేను నమ్మానా? ఎవర్నీ నమ్మని నేను, నన్ను మాత్రం ఎంత తేలిగ్గా నమ్మేశానో!

రెండోసారి వెళ్ళినప్పుడు సత్తిబాబు బ్యాటరీకి నీళ్ళు తేవడానికి వెళ్ళాడు. మంచినీళ్ళు కావాలంటే రత్నంగారు లోపలికి వెళ్ళారు. స్టెప్నీ పక్క సందులోంచి కిందికి డబ్బా వంచాను. ఒక్క నిమిషం పని. ఇద్దరూ తిరిగొచ్చాక, మళ్ళీ స్టెప్నీ తీయమన్నాను.

సత్తిబాబు నేను అనుకున్నట్టు ఆశ్చర్యపోలేదు, తడబడలేదు. చిటికెడు మట్టి తీసి వేళ్ళ మధ్య రుద్దాడు. వాసన చూశాడు. నలిగిన నత్తగుల్ల ముక్క ఒకటి గోటితో బయటికి తీశాడు. అప్పుడు తెలిసింది నేను చేసిన పొరపాటు.

"ఇది వరద మట్టి కాదండి," అన్నాడు. "వరద మట్టి ఎర్రగా, మెత్తగా ఉంటదండి. ఇది నల్లగా ఉంది. కాలవ మట్టండి ఇది. మా వైపు కాలవెక్కడుందండి?"

నిజమే. అప్పట్లో కాలవలన్నీ ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరే మొదలయ్యేవి. పట్టిసీమ దానికి ఎంతో ఎగువన ఉంది. ఆ మట్టి దిగువ నుంచి ఎవరో మోసుకొస్తే తప్ప అక్కడికి రాదు. దిగువ నుంచి వచ్చిన మనిషిని అక్కడ నేనొక్కదాన్నే.

రత్నంగారు అతన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. "మట్టిలో ఇన్ని రకాలేంటి సత్తిబాబూ? ఏమ్మాయ్, నువ్వు ఆ నీళ్ళాఫీసులోనే గదా చేసేది. నువ్వు చెప్పు. ఇదేం మట్టి?"

నేను టైపిస్టుని. నాకేం తెలుసని అనొచ్చు. నవ్వేసి, పరీక్ష పెట్టానండీ అని కూడా అనొచ్చు. అప్పటికింకా తలుపు తెరిచే ఉంది.

"వరద మట్టేనండి," అన్నాను.

సత్తిబాబు నా మొహం చూశాడు. అతనికి తెలిసిపోయింది. తెలిసిందని నాకూ తెలిసింది. నన్ను వేలెత్తి చూపిస్తాడనుకున్నాను. అతను చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, "ఆయ్. అలాగేనండి," అన్నాడు. స్టెప్నీ దాని చోట మళ్ళీ పెట్టి, నట్టు బిగించాడు.

కారు నాకు చవగ్గా వచ్చింది. నాకింకా డ్రైవింగు సరిగ్గా రాదని రాజమండ్రి దాకా అతనే నడిపి తెచ్చాడు. రెండే సీట్లు. అతను ఒకదాంట్లో, నేను ఒకదాంట్లో. కొవ్వూరు వంతెన దాటేదాకా నా హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో గట్టిగా పట్టుకునే కూర్చున్నాను, అతనేదో ఎత్తుకుపోతాడన్నట్టు. దిగేటప్పుడు తాళాలు ఇస్తూ, వానాకాలం టాపు మీద పట్టా కప్పమని చెప్పాడు. నిష్ఠూరంగా ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడం వెనక కూడా ఏదో ఎత్తు ఉందనుకున్నాను. సిగ్గుపడుతూ రాస్తున్నాను ఈ మాట.

కొన్ని నెలలకి ఆ వైపు నుంచి మా ఆఫీసుకి బదిలీ మీద వచ్చినాయన మాటల్లో చెప్పాడు. రత్నంగారు షెడ్డు ఖాళీ చేయించారట. భర్త ఉన్నప్పటి నుంచి నమ్మిన మనిషి తనకే అబద్ధం చెప్పాడని ఆవిడ ఏడ్చారట. సత్తిబాబు నిడదవోలులో ఎవరి దగ్గరో పనికి కుదిరాడట. పాత బండి చూడటానికి అతన్నెవరూ తీసుకెళ్ళడం లేదట. ఇప్పుడతని పేరు నీళ్ళబండి సత్తిబాబు అట. చెప్పి ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత నేనేం చేశానంటే, తుప్పు కోసం వెతికాను. ఏటా వానలు వెళ్ళాక కార్పెట్లు ఎత్తి, నట్లు విప్పి, టార్చిలైటు వేసి చూసేదాన్ని. కాస్త తుప్పు కనిపిస్తే చాలు, అతను నిజంగానే అబద్ధం చెప్పాడని తేలితే చాలు, నా మట్టి దొంగమట్టి అయినా నా అనుమానం నిజమైపోతుంది. ఎవరైనా తన కారు కుళ్ళిపోవాలని కోరుకుంటారా? నేను కోరుకున్నాను. బండి మాత్రం ఒక్కరోజు కూడా మొరాయించలేదు.

మూడో ఏడు డ్రైవరు సీటు విప్పిస్తే కార్పెట్ కింద పాత న్యూస్‌పేపరు పరిచి ఉంది. తేదీ చూశాను. వరదకి రెండు నెలల ముందుది. కాగితం పెళపెళలాడుతోంది. ఒక్క అక్షరం చెదరలేదు, ఒక్క మరక లేదు. అది పట్టుకుని పట్టిసీమ వెళ్తే గంటన్నర ప్రయాణం. రత్నంగారి చేతిలో పెడితే చాలు. సీటు విప్పిన రాజమండ్రి మెకానిక్కు, "పారేయమంటారా మేడమ్?" అని అడిగాడు. మళ్ళీ అక్కడే పరిచెయ్యమన్నాను. చేసిన తప్పు ఒకటే అయితే ఇంత బరువు ఉండేది కాదేమో. ఆరోజు రెండోసారి చేశాను.

ఈమధ్య కారు అమ్మకానికి పెట్టాను. తణుకు నుంచి ఒకాయన వచ్చాడు. వాసన చూశాడు, సీటు కింద తడిమాడు. అచ్చం నాలాగే. "వరదలో మునగలేదు కదండీ?" అన్నాడు. లేదన్నాను. పాత మెకానిక్కు సత్తిబాబుగారు గట్టు మీద పెట్టి కాపాడారని చెప్పాను. అతని పేరు పక్కన గారు చేర్చడం అదే మొదటిసారి.

ఆయన గట్టిగా నవ్వాడు. "నీళ్ళబండి సత్తిబాబా? అతని మాట పట్టుకుని బండి ఎవరు కొంటారండీ!" అని తాళాలు బానెట్ మీద పెట్టేసి వెళ్ళిపోయాడు.

నేను వెనక్కి పిలవలేదు. పిలిచి ఏం చెప్పాలో నాకు తెలుసు. రత్నంగారు పోయారని విన్నాను. సత్తిబాబు ఉన్నాడు. నిడదవోలులో ఆ షాపు ఎక్కడుందో కూడా నాకు తెలుసు. వెళ్తానో లేదో మీకు మాటివ్వను. నా మాట ఎంతవరకు నమ్మొచ్చో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. కానీ ఆవిడ నన్నడిగిన ప్రశ్నకి ఇన్నాళ్ళూ జవాబు బాకీ ఉంది. ఒక్కసారైనా, ఒక్క మనిషికైనా సరిగ్గా చెప్పనివ్వండి.

అది కాలవ మట్టండి, రత్నంగారూ. నేనే తెచ్చాను.