ఐదు నిమిషాల దర్సోనో

మా ఊళ్ళో పాక్ దర్సోనోని, అంటే దర్సోనోగారిని, ఎవరూ ఉత్త పేరుతో పిలవరు. ‘ఐదు నిమిషాల దర్సోనో’ అంటారు. ఆయన ముఖం మీదే అంటారు, ఆయన కూడా నవ్వేస్తాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మా జావా దీవిలో మెర్బాబు కొండ వెన్ను మీద జనాన్ని నడిపిస్తున్న మనిషి. ఎవరు ఎక్కడ ఊపిరందక కూలబడి “ఇంకెంత దూరం, పాక్?” అని అడిగినా జవాబు ఒకటే: “ఇదిగో, ఐదు నిమిషాలు!”

నిజానికి ఆ మాట ఆయనొక్కడిదే కాదు. మా కొండ మీద దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి చెప్పే మర్యాద అది. “ఆ గుట్ట దాటితే వచ్చేసినట్టే” అంటాం. ఇంకా రెండు గంటలు పడుతుందని ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి మోటు మనిషి కింద జమకడతాం. కాకపోతే ఈ విద్యలో దర్సోనోని మించినవాడు లేడు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, భుజం మీద అడ్డంగా సరోంగ్ పంచె, జేబునిండా తాటిబెల్లం ముక్కలు. ఒక్కో ‘ఐదు నిమిషాల’కీ ఒక్కో ముక్క చేతిలో పెడతాడు. ఒకసారి సెమరాంగ్ పట్నం నుంచి వచ్చిన లావుపాటి గుమాస్తా ఒకాయన సగం దారిలో కూర్చుని భోరున ఏడ్చాడట. పందొమ్మిది బెల్లం ముక్కలతో ఆయన్ని శిఖరం ఎక్కించాడు. ఆ గుమాస్తా ఇప్పటికీ రంజాన్ నెల ముగిశాక వచ్చే ప్రతి లెబరాన్ పండక్కీ దర్సోనోకి చొక్కా పంపుతాడు. కొండ దిగి వస్తే దర్సోనో క్యారెట్ మళ్ళలో వంగి పనిచేసుకుంటాడు, అక్కడ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు.

నేను మా ఊరి బళ్ళో ఆరో తరగతి టీచర్ని. కిటికీలోంచి రోజూ చూసే కొండని బడి వదిలేలోగా పిల్లలు ఒక్కసారైనా నడిచి దాటాలని నాకో పిచ్చి పట్టింది. ఎనిమిది మంది పిల్లలు, మూడు రోజులు, ఎవరి సంచీ వాళ్ళే మోయాలి. దర్సోనోని అడిగితే, “పిల్లల్ని తీసుకెళ్తూ నన్ను పిలవకపోతే అలిగేవాణ్ణి బూ గురూ,” అన్నాడు. టీచరమ్మని మా దగ్గర అలాగే పిలుస్తారు, పిల్లలైతే ఉత్త ‘బూ’ అంటారు. నేను ముందు నడిచేట్టు, ఆయన అందరికంటే వెనక వచ్చేట్టు అనుకున్నాం.

పిల్లల్లో వెనింగ్ అనే అమ్మాయి ఉంది. పదకొండేళ్ళు. ఏదీ ఊరికే ఒప్పుకునే రకం కాదు. నేను బోర్డు మీద లెక్క తప్పు చేస్తే మొదట లేచే చెయ్యి దానిదే. మొదటి రోజు మధ్యాహ్నం దర్సోనో బెల్లం ముక్క ఇచ్చి ఐదు నిమిషాలన్నాడు. గుడారాల చోటు చేరాక వెనింగ్ చేతి గడియారం ఆయన ముందు పెట్టింది.

“పాక్, మీ ఐదు నిమిషాలు నలభై రెండయ్యాయి.”

“నీ గడియారానికి మా కొండగాలి పడలేదమ్మా!” అన్నాడాయన. పిల్లలంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

రెండో రోజు ఉదయం నుంచీ ఎగుడే. కొండ వెన్ను మీద నీళ్ళు దొరకవు, అందరి నీళ్ళూ అందరి వీపుల మీదే. దర్సోనో ఐదు నిమిషాల మాట ఆరుసార్లు చెప్పాడు. ఆఖరికి వెనింగ్ పరిగెత్తుకుంటూ ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. “బూ, మీరైనా నిజం చెప్పండి. ఇంకెంత?”

వెనక్కి చూశాను. దర్సోనో కన్ను కొట్టాడు. “ఐదు నిమిషాలే,” అన్నాను.

ఆ పిల్ల నా చెయ్యి వదిలేసింది. మళ్ళీ ఎవర్నీ ఏమీ అడగలేదు. హమ్మయ్య, దారికొచ్చింది అనుకున్నాను. ఆ అనుకోవడం గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

మధ్యాహ్నం దాటాక పొగమంచు కమ్మింది. ఒకచోట దారి నిటారు బండ మీదుగా కిందికి దిగుతుంది. ఆరుగురితో నేను దిగేశాను. పైన దర్సోనో దగ్గర వెనింగ్, గలిహ్ అనే చిన్నవాడు మిగిలారు. గలిహ్ మడమ బెణికింది. దర్సోనో వాణ్ణి వీపున కట్టుకుని, వెనింగ్‌ని ఒక రాయి మీద కూర్చోబెట్టాడు. “కదలకమ్మా. వీణ్ణి దింపి ఐదు నిమిషాల్లో వచ్చేస్తా,” అన్నాడు.

ఈసారి నిజంగానే చెప్పాడు. గలిహ్‌ని నా పక్కన దింపి, ఊపిరైనా పీల్చుకోకుండా వెనక్కి ఎక్కాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. రాయి మీద వెనింగ్ సంచీ ఉంది, వెనింగ్ లేదు.

దారి అనుకుని గడ్డి కోసుకునేవాళ్ళ బాట పట్టింది. అది ఎడమకి తిరిగి ఒక వాగు గండి దగ్గర తెగిపోతుంది. మా కేకలకి కిందినుంచి పలికింది. పిల్లల్ని ఒక్కచోట కూర్చోబెట్టి నేనూ దిగాను. వెనింగ్ మోకాలి పైన కాలు ఉండాల్సినట్టు లేదు. దర్సోనో గుడారం కర్ర, తన సరోంగ్ కలిపి ఆ కాలికి కట్టు కట్టి, పిల్లని వీపు మీద వేసుకున్నాడు.

ఆయన వీపు మీదనుంచే వెనింగ్ నాకు చెప్పింది, పళ్ళు బిగించుకుని: “మూడు నిమిషాలు కూర్చున్నా బూ. పాక్ ఐదంటే నలభై కదా. ఈ మంచులో నలభై నిమిషాలు ఒక్కదాన్నే ఉండలేననిపించింది. అందుకే లేచా.”

ఆయన విన్నాడు. నేనూ విన్నాను. అవతలి పల్లె వాళ్ళు వెదురు మంచం తెచ్చి పిల్లని దింపుకెళ్ళారు.

ఊళ్ళో మాత్రం కథ వేరేలా పాకింది. “కదలొద్దంటే కదిలింది. పెద్దల మాట వినని పిల్ల” అన్నారు. వెనింగ్ తల్లి మార్ని, పట్నం ఆసుపత్రి నుంచి ఒకపూట వచ్చి, కర్రపెండలం పిండివంటలు బుట్టలో పెట్టుకుని దర్సోనో ఇంటికి వెళ్ళింది. “మా పిల్ల వల్ల మీకు మాటొచ్చింది, మన్నించండి పాక్” అని చేతులు జోడించిందట. ఆయన నోట “ఫర్వాలేదమ్మా” అనే మాట వచ్చేసింది. నాకూ ఒక బుట్ట వచ్చింది. తిన్నాను కూడా.

తొమ్మిదో రోజున దర్సోనో బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది.

“బూ గురూ, పిల్లని అందరూ తిడుతున్నారట కదా.”

“అవును పాక్.”

“మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం నోరు మూసుకుని కూర్చున్నాం. పదండి.”

ఆసుపత్రి గదిలో వెనింగ్ తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారు. దర్సోనో కూర్చోకుండానే మొదలుపెట్టాడు: “తప్పు పిల్లది కాదు, నాది. అన్నిసార్లు అబద్ధం చెప్పినవాణ్ణి ఒక్కసారి నిజం చెబితే ఎందుకు నమ్మాలి?”

తండ్రి నవ్వేశాడు. “అయ్యో పాక్, కొండ మీద ఆ మాట ఎవరనరు! అదీ ఒక అబద్ధమేనా? కూర్చోండి, టీ తాగండి.” తల్లి కప్పు అందించింది. తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన మనిషికి వాళ్ళు ఆ దారి కూడా లేకుండా చేస్తున్నారు. మంచివాళ్ళు మరి.

అప్పుడు మంచం మీదనుంచి వెనింగ్ అడిగింది: “పాక్, లెబరాన్‌కి నా కాలు బాగైపోతుందా?”

మోకాలి దగ్గర ఎముక పెరిగే చోటే విరిగిందని డాక్టరు ముందురోజే పెద్దవాళ్ళకి చెప్పాడు. నడవడానికే ఏడాది పట్టొచ్చు, ఆ కాలు పొట్టిగానే ఉండిపోవచ్చు. పండక్కి పరిగెడతావని తల్లి చెప్పింది. పదిరోజుల్లో బడికొస్తావని, ఆ పొద్దున గదిలోకి అడుగుపెడుతూనే నేను చెప్పాను. దర్సోనోకి వరండాలో నేనే అంతా చెప్పి, “పిల్ల ముందు అనకండి” అని కూడా అన్నాను.

దర్సోనో కప్పు కింద పెట్టి, మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“కాదమ్మా. పండక్కి కాదు. ఏడాది పడుతుందట. తర్వాత కూడా కొంచెం కుంటు మిగలొచ్చట. మిగలకపోనూ వచ్చు, డాక్టరుకే తెలీదు.”

“ఏం మాటలవి పాక్! లేవండి, బయటికి నడవండి!” మార్ని అరిచింది. ఆమె గొంతు అలా లేవడం నేనెప్పుడూ వినలేదు. వెనింగ్ గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆయన వెళ్ళలేదు, ఓదార్చనూ లేదు, అలాగే కూర్చున్నాడు. చాలాసేపటికి అది దుప్పటితో ముఖం తుడుచుకుని ఇటు తిరిగింది.

“అమ్మా, పాక్‌ని ఉండనీ. నేనింకా అడగాల్సినవి ఉన్నాయి.”

నేను దగ్గరికి జరిగి దాని తల మీద చెయ్యి వేశాను. వెనింగ్ ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టింది. బళ్ళో మాట్లాడినంత మర్యాదగానే మాట్లాడింది.

“మీరు వెళ్ళండి, బూ.”