గోడవతల ఇటుకలు

మా అమ్మను కాలు కింద పెట్టనీయకుండా చూసుకుంటానని జనగామలో మా గల్లీ అంతా నాకు మంచి పేరు. ఆ పేరు తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే ఒళ్లు మండుతుంది.

నలభై ఏళ్లు నాట్లేసి, పత్తి ఏరి, గడ్డిమోపులు మోసిన మనిషి. నాన్న పోయాక నెల్లికుదురు నుంచి నా దగ్గరికి తెచ్చుకున్నాను. వచ్చిన రోజు నుంచే బిందె ముట్టనివ్వలేదు. చీపురు పడితే లాక్కున్నాను. నేలమీద కూర్చోబోతే కుర్చీ వేశాను. "ఇన్నేళ్లు చేసింది చాలదా, కూసో అమ్మా" అని కసిరేదాన్ని. నా ప్రేమకు నోరెక్కువ. మూడేళ్లలో ఆమె తొడలు, పిక్కలు కరిగిపోయాయి. కుర్చీలోంచి లేవాలన్నా నా చెయ్యి కావాల్సి వచ్చింది.

అమ్మకు ఉన్న కోరిక ఒక్కటే. మరిపెడలో మంచాన పడ్డ వాళ్ల అక్కను చూడటానికి తనంతట తాను బస్సెక్కి వెళ్లాలి. బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ కొనే పని లేదాయె, గల్లీలో అందరూ తిరుగుతున్నారు. కారు మాట్లాడతానంటే వినేది కాదు.

"నేను నడిచి పోతే అక్కకు ధైర్యమొస్తది. నన్ను ఎత్తుకపోయి దించితే ఇద్దరం ఏడ్సుడే" అనేది.

ఒకసారి బస్టాండుకు తీసుకెళ్లాను. బస్సు మొదటి మెట్టు మీద కాలు పెట్టింది కానీ ఒళ్లు పైకి లేవలేదు. "జర జల్ది ఎక్కు అవ్వా" అన్నారు వెనకవాళ్లు. తలవంచుకుని పక్కకు జరిగింది.

మోకాళ్ల నొప్పులని దవాఖానకు పోతే, అక్కడ వ్యాయామం చేయించే అమ్మాయి మొదట నన్నే తిట్టింది. "కండ పోతే మనిషి పడ్తది, బొక్క ఇరుగుతది, షుగర్ కూడా అదుపుల ఉండదు. ఈ వయసుల గూడ కండ వస్తది మేడం, జర పని చెయ్యనియ్యుండ్రి" అంది. కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, నీళ్లు నింపిన సీసాలు ఎత్తడం నేర్పింది. నెల తిరిగేసరికి అమ్మ నా చెయ్యి పట్టకుండా లేచింది. ఆ రోజు ఆమె ముఖం చూడాలి!

ఆ తర్వాత పెరట్లో తనే ఇటుకలు పేర్చి బస్సు మెట్టు తయారుచేసుకుంది. వారానికో వరుస. గోడ పట్టుకుని ఎక్కడం, దిగడం. నాలుగో వరుస వేసిన రోజు నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి, వాటిమీద చెమటతో తడిసి, కాళ్లు వణుకుతూ నిలబడి ఉంది. "పడితే ఎవరు చేస్తరే నీకు!" అని అరిచి, ఆమెను దించి, ఇటుకలన్నీ గోడవతల పారేశాను. అమ్మ వెళ్లి కుర్చీలో కూర్చుంది. సీసాలు కూడా మళ్లీ ముట్టలేదు.

వానాకాలంలో పెద్దమ్మ పోయింది. కారులోనే వెళ్లాం. నేనూ డ్రైవరూ చెరో రెక్క పట్టి అమ్మను దించి, శవం పక్కన కూర్చోబెట్టాం. "నడిచి రాలేకపోయిన అక్కా" అని ఆ కాళ్లు పట్టుకుని ఏడ్చింది. నావైపు చూడలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

దినాలు అయ్యాక గోడవతలికి వెళ్లి, గడ్డిలోంచి ఇటుకలు ఏరుకొచ్చాను. మట్టి కడిగి ఒక్క వరుస పేర్చాను. "లే అమ్మా, నేను పట్టుకుంట, ఎక్కు" అన్నాను.

అమ్మ కుర్చీలోంచే వాటిని చూసింది.

"ఎక్కి ఎవల దగ్గరికి పోవాలె బిడ్డా?" అంది.