కడ్డీకి ఆనించిన చెవి

దర్జీ కొట్టు ముందు నీళ్లు ఉబికి వీధంతా బురదైన రోజున మా తమ్ముడు కొత్త ఇంజనీరుతో పోట్లాడి గెలిచాడు. పోట్లాటంటే అరుపులు కావు. మావాడి నోట్లోంచి మాట రావడం పంపులోంచి నీళ్లు రావడం లాంటిదే, ముందు చాలాసేపు గాలే వస్తుంది.

ఇంజనీరు మావాడు పనిచేసే నీళ్ల ఆఫీసుకొచ్చి వారం కాలేదు. చేతిలో పటం పట్టుకుని, నీళ్లు పైకొస్తున్న చోటే తవ్వమన్నాడు. మావాడు నేల కింది నీళ్ల చప్పుడు వినడానికి ఇనుప కడ్డీ ఒక కొస నేలకు ఆన్చి, రెండో కొస ఎడమ చెవికి పెట్టుకుని, కళ్లు మూసి, ఆగుతూ ఆగుతూ వీధి పొడుగునా నడిచాడు. నలభై అడుగులు ఎగువన, సైకిల్ షాపు మెట్ల దగ్గర నిలబడి, ఇక్కడ అన్నాడు.

పటంలో అక్కడ గొట్టమే లేదని ఇంజనీరు నవ్వాడు. నేను కూరల సంచితో పక్కనే ఉన్నాను. నా నాలుక దురద నాకే తెలుసు, అయినా ఆగాను.

“పటం గీసినాయన కుర్చీలో కూర్చుని గీశాడు సార్,” అన్నాడు తమ్ముడు. “గొట్టం వేసినవాళ్లు ఎండలో వేశారు. నీడ ఉన్న వైపుకి జరిగుంటారు. ముందు మీరు చెప్పిన చోటే తవ్వుదాం. అక్కడ గొట్టం బాగుంటే, నా చోట మొదటి పార మీరే వెయ్యాలి.”

రెండు గంటలు తవ్వారు. గొట్టం గుండ్రాయిలా ఉంది, చిన్న చీలిక కూడా లేదు. ఇంజనీరు బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, సైకిల్ షాపు ముందు పార పట్టాడు. నడుము లోతుకి వెళ్లేసరికి నీళ్లు ఎగజిమ్మి చొక్కా అంతా తడిపేశాయి. ఉతికే పని తప్పింది నాయనా అన్నాను. అతనూ నవ్వాడు. మంచివాడే. ఆ రోజు నుంచి మావాణ్ణి గురువుగారూ అనే పిలిచేవాడు.

మావాడు నాకంటే నాలుగేళ్లు చిన్న. పంతొమ్మిదో ఏట పట్టాళంలో చేరాడు. అందరికంటే ముందు నడిచి, నేలలో పాతిన మందుపాతరలు వెతకడం అతని పని. అలాంటిదొకటి పేలి కుడి చెవి పోయింది. అంతకుమించి చెప్పలేదు. ఎవరి కడుపులో మాటైనా లాగే నేను, అదొక్కటీ అడగలేదు.

తిరిగొచ్చాక నీళ్ల ఆఫీసులో వాల్వులు తిప్పే పనిచ్చారు. అక్కడి ముసలి మేస్త్రీ, ఒంటిచెవివాడికి రెండు చప్పుళ్లు కలిసిపోవురా అని చెప్పి కడ్డీ చేతికిచ్చాడు. అలా ముప్ఫై ఒక్క ఏళ్లు.

అన్నాలు తిని, కొళాయిలు కట్టేసి, ఊరంతా కునుకు తీసే వేళ మావాడు బయల్దేరేవాడు. ఎండలో గోడలు కూడా నిద్రపోతున్నట్టుండేవి. ఆ నిద్రలోంచి అతనొక్కడూ ఈదుకుంటూ పోతున్నట్టు కనిపించేవాడు. ఊరి కింద ఇంకో ఊరుందక్కా అనేవాడు. బడి వీధిలో నీళ్లు కాళ్లీడుస్తూ పోతాయట. మా వీధిలో ఒకసారి పక్కకి ఒత్తిగిలి, ఆ తర్వాత కదులుతాయట. నీకు తలకు నూనె పెట్టేవాళ్లు లేరురా అనేదాన్ని. అని, ఇంటికొచ్చి పడుకుంటే, నడుం కింద ఏదో చల్లగా పారుతున్నట్టే ఉండేది.

పోయిన ఏడు అతను చూపించిన మూడు చోట్ల తవ్వితే పొడి మన్ను తప్ప ఏమీ రాలేదు. అతన్ని ఎవరూ అనుమానించలేదు. ఇంజనీరైతే కూలీల మీదే విసుక్కున్నాడు, గురువుగారు చెప్పారంటే ఉంటుంది, ఇంకా లోతుకెళ్లండని. ఆ మాటకి మావాడి ముఖం పాలిపోయింది.

మరదలు వచ్చి నా దగ్గర కూర్చుంది. తెల్లారగానే లేచి గోడకి చెవి పెడుతున్నాడట. కొళాయి కట్టెయ్యమంటాడట. అది కట్టేసే ఉంటుందట. నాకు విషయం బోధపడింది. ఉన్న ఒక్క చెవిలో హోరు పుట్టింది, దాన్ని నీళ్లనుకుంటున్నాడు.

రిటైరవడానికి ఎనిమిది నెలలే ఉంది. మోకాళ్ల నొప్పులని చెప్పి బిల్లుల గదిలో కూర్చోరా, గుట్టు గుట్టుగానే ఉంటుంది అన్నాను. కడ్డీ భుజాన వేసుకుని బయల్దేరాడు.

ఇంతలో ఆసుపత్రికి నీళ్లు సన్నబడ్డాయి. గురువుగారు గుర్తు పెట్టిన చోట రేప్పొద్దున్న రోడ్డు పగలగొడతామని ఇంజనీరు చెప్పాడు. తవ్వినంతసేపూ నీళ్లు ఆపెయ్యాలి. గురి తప్పితే వార్డుల్లో మంచాల మీదున్నవాళ్లకి రోజంతా నీళ్లుండవు.

ఆ మధ్యాహ్నమే తమ్ముడు మా ఇంటికొచ్చి, చెప్పులు తొడుక్కోమన్నాడు. ఆసుపత్రి దాకా నడిపించాడు. గేటు ముందు కాపలాదారు తప్ప ఎవరూ లేరు. అతనూ కుర్చీలో తల వాల్చేశాడు. మావాడు తను గుర్తు పెట్టిన చోట కడ్డీ ఆన్చి, చాలాసేపు విన్నాడు. నుదుటి చెమట కనురెప్పల మీదికి జారినా తుడుచుకోలేదు. తర్వాత కడ్డీ కొసని చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచి, నా వైపు తిప్పాడు.

మూడో తరగతి దాటనిదాన్ని, నాకేం తెలుస్తుందిరా అన్నాను.

“వినడానికి బడెందుకక్కా. నాకిక్కడ నీళ్లు పారుతున్నట్టే ఉంది. ఇంట్లో దిండు మీద పడుకున్నా ఇలాగే ఉంది. నువ్వు విను. ఈ చప్పుడు గొట్టంలో ఉందో, నాలోనే ఉందో చెప్పు. నా ముఖం చూసి మాత్రం చెప్పకు.”