తాతయ్య చేనుకి నాలుగు మూలలు

అణాలు పోయి నయాపైసలు వచ్చిన ఆ రోజుల్లో మా వైపు మనుషులకు లెక్కంటే ఒక బెదురు ఉండేది. ఆరణాలంటే ముప్ఫై ఏడు పైసలా, ముప్ఫై ఎనిమిదా అని నందిగామ బజారులో పెద్ద పెద్ద షావుకార్లే తడబడేవాళ్ళు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి మిరపకాయల కొట్లో గుమాస్తాగా చేరినవాణ్ణి. నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదు. బస్తాల మీద అంకెలు చూసి నేనే నేర్చుకున్నాను. ఎవరు ఎన్ని అణాలు చెప్పినా కాగితం లేకుండా పైసల్లోకి మార్చి చెప్పేవాణ్ణి. దాంతో బజారంతా నన్ను ‘నయాపైస’ అని పిలవడం మొదలుపెట్టింది. అందులో కొంత వెటకారం ఉందని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అప్పట్లో అది బిరుదనుకున్నాను.

మా ఇల్లు నందిగామలోనే ఉండేది. తాతయ్య చేను మాత్రం ఊరి బయట, మునేటి ఒడ్డున. ఒకప్పుడు దానికి నాలుగు మూలలే ఉండేవట. ఏదో వరదలో మునేరు ఒక మూలని కోసుకుపోయి, దాని బదులు రెండు మూలలు మిగిల్చింది. (పోగొట్టుకుంటే లెక్క పెరగడం నేను చూసింది అదొక్కచోటే.) యుద్ధకాలంలో గన్నవరం వైపు పోయే విమానాలు ఆ చేను మీదుగా వెళ్ళేవి. తాతయ్య అరక ఆపి, అవి కనుమరుగయ్యేదాకా తలెత్తి చూసేవాడట. “ఎవడో ముక్కూ మొహం తెలీనోడు పైనుంచి నా చేను చూసుకుంటా పోతన్నాడు. నేను ఒక్కసారన్నా చూళ్ళేదు. కృష్ణ కూడా అంతే. రేవులో నిలబడితే రేవు కనపడుద్ది గానీ కృష్ణ కనపడుద్దా? ఎట్టా ఉంటదో పైనుంచి చూడాల్రా,” అనేవాడు. మేం నవ్వేవాళ్ళం.

నవ్వు ఆగిపోయింది ఆయనకి పక్కచూపు పోవడం మొదలయ్యాక. ముందు గడపలు తగిలాయి, తరవాత మనుషులు తగిలారు. చివరికి చాలు వంకర పోతోందని ఆయనే గ్రహించి, ఎవరితోనూ చెప్పకుండా ఎడ్లజతని అమ్మేశాడు. కంట్లో ఒత్తిడి పెరుగుతోందనీ, మద్రాసు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయిస్తే ఉన్న చూపు నిలవొచ్చు, నిలవకపోనూవచ్చనీ నందిగామ డాక్టరుగారు చెప్పారు. ఆ రోజు సాయంత్రం తాతయ్య ఎడ్ల డబ్బు మా ముందు పెట్టి, “సగం కంటికి, సగం విమానానికి,” అన్నాడు.

“నాకెందుకండీ విమానం? మీరెక్కండి, నేను రైల్లో వస్తా,” అంది నాయనమ్మ.

“నువ్వు లేకుండా నేనొక్కణ్ణే పైకి పోయానంటే ఊళ్ళో ఇంకోలా అనుకుంటారే,” అన్నాడు తాతయ్య.

అలా ప్రయాణానికి అయిదుగురం తేలాం: తాతయ్య, నాయనమ్మ, నేను, వంట చేసిపెట్టడానికి మా అక్క, అక్క చంకలో పిల్లాడు. లెక్క నాకు అప్పగించారు. గన్నవరం నుంచి మద్రాసుకి మాకు పనికొచ్చే విమానం లేదు. రానూపోనూ విమానమే అంటే ఎడ్ల తరవాత చేను కూడా అమ్మాలి. కాబట్టి ఒక వైపు రైలు, ఒక వైపు విమానం. రైలుకి బెజవాడ, విమానానికి హైదరాబాదు. నందిగామ ఆ రెంటికీ మధ్య రోడ్డు మీదే ఉంది గనక ఒక ఊళ్ళో బయల్దేరి ఇంకో ఊళ్ళో దిగినా మాకు నష్టం లేదు. ముందు విమానమా, వెనక విమానమా అన్నదే ప్రశ్న.

మూడు రోజులు, పదకొండు కాగితాలు ఖర్చుచేశాను. వెళ్ళేటప్పుడు విమానమైతే అది పొద్దున్నే బయల్దేరుతుంది, ముందురోజే హైదరాబాదు చేరి హోటల్లో గది తీసుకోవాలి, అందరికీ భోజనాలు. వచ్చేటప్పుడైతే దిగిన రోజే బస్సు ఎక్కి ఇంటికి రావచ్చు. రెండో పద్ధతిలో మిగులు పద్దెనిమిది రూపాయల అరవై పైసలు. పిల్లాడి సంగతి కూడా మర్చిపోలేదు. రెండేళ్ళు నిండని పిల్లలకి విమానంలో పదో వంతు ఛార్జీ, నిండితే సగం. వాడికి రెండేళ్ళు నిండేలోపే తిరుగు ప్రయాణం పడేట్టు చూశాను. అంటే విమానం వాళ్ళ దృష్టిలో మా అక్క కొడుకు పదో వంతు మనిషి.

కాగితం చదివి వినిపించాను. తాతయ్య మెల్లిగా, “పోయేటప్పుడే ఎక్కుదామా అబ్బాయ్? ఇప్పుడైతే ఎదురుగా ఉన్నది ఇంకా కాస్త కనపడతంది,” అన్నాడు.

“ఆపరేషన్ అయ్యాకైతే ఇంకా బాగా కనపడుతుంది తాతయ్యా,” అన్నాను.

ఈ మాట నేను ఆయన కోసం అన్నానా, పద్దెనిమిది రూపాయల అరవై పైసల కోసం అన్నానా అని ఆ తరవాత చాలాసార్లు వేరుచేసి చూడబోయాను. నాకు తేలని లెక్క అదొక్కటే.

“అదీ నిజమే. నయాపైసగాడు చెప్పాక ఇంకేముంది,” అన్నాడు తాతయ్య.

బెజవాడలో రైలెక్కాం. మద్రాసులో ఆపరేషన్ జరిగింది. ఆయన్ని తల కదపనివ్వకుండా రోజుల తరబడి పడుకోబెట్టారు. ఇక వెళ్ళొచ్చన్న రోజున డాక్టరుగారు నాయనమ్మకి జాగ్రత్తలు చెబుతూ, రెండు కళ్ళకీ కట్టు మరో పదిహేను రోజులు విప్పకూడదన్నారు. నేను తల ఊపాను. మా విమానం మర్నాడే. అక్క నన్ను వరండాలోకి లాక్కెళ్ళింది.

“ఒరేయ్, కళ్ళకి కట్టుంటే తాతయ్య విమానంలో ఏం చూస్తాడ్రా?”

పదకొండు కాగితాల్లో ఎక్కడా లేని సంగతి అది. బస్సు ఆలస్యమైతే ఏం చెయ్యాలో రాసుకున్నాను. పిల్లాడికి పాలు ఎక్కడ దొరుకుతాయో రాసుకున్నాను. ఆపరేషన్ అంటే కట్టు ఉంటుందని తట్టలేదు.

“పదిహేను రోజులు ఇక్కడే ఉండి వెళ్దాం,” అంది అక్క.

“ఇంకో నాలుగు రోజుల్లో వీడికి రెండేళ్ళు నిండుతాయే. సగం టిక్కెట్టు పడుద్ది. ఇక్కడ గది అద్దె కూడా,” అన్నాను. అన్నాక నా గొంతు నాకే వినబడింది.

లోపల్నుంచి తాతయ్య పిలిచాడు. చూపు తగ్గినకొద్దీ ఆయనకి చెవులు పెరిగాయి. “పోదాం పదండ్రా. ఇక్కడ నెల్లాళ్ళు కూచుంటే ఎడ్లు ఇంకోజత కావాలి,” అన్నాడు.

మర్నాడు విమానం వాళ్ళ కౌంటరు దగ్గర ఉద్యోగి పిల్లాణ్ణి చూసి వయసెంతని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు నాయనమ్మ సంతోషంగా, “మొన్ననే రెండేళ్ళు నిండాయి బాబూ. పాయసం కూడా చేశాం,” అంది. ఆమె లెక్క తిథుల లెక్క. తిథుల ఏడాది ఇంగ్లీషు ఏడాదికంటే దాదాపు పదకొండు రోజులు తక్కువ. ఆ రెండేళ్ళలో అధికమాసం పడలేదు గనక ఆమె ప్రకారం పిల్లాడికి సుమారు మూడు వారాల కిందటే రెండేళ్ళు నిండాయి. ఆ పాయసం నేనూ రెండు గ్లాసులు తాగాను, ఎందుకని మాత్రం అడగలేదు. తారీఖులు, తిథులు, చాంద్రమానం అంటూ నేను ఆ ఉద్యోగికి ఎంతో వివరించాను. ఆయన ఓపిగ్గా విని, “పెద్దావిడ అబద్ధం చెప్పరు కదండీ,” అన్నాడు. ముప్ఫై రెండు రూపాయలు అదనంగా కట్టాం. అంటే నా పొదుపు పోను పదమూడు రూపాయల నలభై పైసలు నష్టం. ఆ ముప్ఫై రెండు రూపాయలతో హైదరాబాదులో అందరం గదిలో పడుకుని, పొద్దున్నే లేచి, తాతయ్యని కళ్ళతో సహా విమానం ఎక్కించి ఉండొచ్చు.

కిటికీ పక్క ఆయన్నే కూర్చోబెట్టాను. ఎందుకో అడక్కండి. విమానంలో అమ్మాయి పిప్పరమెంట్లూ, చెవుల్లో పెట్టుకోవడానికి దూదీ ఇచ్చింది. ఆయన పిప్పరమెంటు బుగ్గన పెట్టుకుని, కట్టు కట్టిన మొహాన్ని అద్దానికి ఆనించి కూర్చున్నాడు. నాయనమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. కాసేపటికి, “ఏం కనపడతంది?” అన్నాడు.

నిజానికి కింద మబ్బులు తప్ప ఏమీ లేవు. బస్తాల నుంచి తీసిన దూది పరిచినట్టు, ఎంత దూరం చూసినా తెలుపే. నేను అంతవరకూ ఎవరికీ ఒక్క పైసా తప్పు చెప్పలేదు.

“పొలాలు తాతయ్యా. గళ్ళ దుప్పటిలా ఉన్నాయి.”

“కృష్ణ వచ్చిందా?”

“ఇప్పుడే వచ్చింది.” గడియారం చూశాను. రావలసిన వేళ దాదాపు అయింది. “ఇసుక ఎక్కువుంది. నీళ్ళు మూడు పాయలుగా పోతున్నాయి. మధ్యలో పడవ ఒకటుంది. చీమంత.”

ఆయన పెదవులు కదిలాయి. ఆ సంతోషం చూసి నాకు ఆశ పుట్టింది. ఆగలేకపోయాను. “మన చేను కూడా కనపడుతోంది తాతయ్యా!”

“ఎన్ని మూలలున్నయ్?”

తొందరలో, చేను అనగానే ఎవరికైనా తట్టే అంకె చెప్పాను. “నాలుగు.”

ఆయన పిప్పరమెంటుని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకున్నాడు. అప్పుడే నాకు అయిదో మూలా గుర్తొచ్చింది, అసలు ఆ విమానం దారిలో మా చేనే లేదన్న సంగతీ గుర్తొచ్చింది. ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి నా మోకాలి మీద ఆగింది.

“పైనుంచి చూస్తే నాలుగే కనపడతయ్యేమోలే,” అన్నాడు.

నందిగామ డాక్టరుగారి దగ్గర కట్టు విప్పించాం. ఒక కంట్లో ఏమీ మిగల్లేదు. రెండో దాంతో ఆయన వెలుగు ఏదో, మనిషి నీడ ఏదో మాత్రం పోల్చుకునేవాడు. ఆ తరవాత ఆరేళ్ళు బతికాడు. అరుగు మీద ఎవరు కూర్చున్నా విమానం కథ చెప్పేవాడు: కృష్ణలో ఇసుక, మూడు పాయలు, చీమంత పడవ. ఎవరైనా మా చేను సంగతెత్తితే, “మునేరు నా మూల తీసుకుపోయిందనుకున్నా. లేదు. పైనుంచి చూస్తే చేను మునపట్టాగే నాలుగు మూలలతో ఉంది. మా నయాపైసగాడే సాక్షి,” అనేవాడు. వాళ్ళు నావైపు తిరిగేవాళ్ళు. నేను తల ఊపేవాణ్ణి. నా మాట మీద అనుమానం ఎవరికీ రాలేదు. అంకెల్లో నేను తప్పనని పేరు కదా.

ఆయన పోయాక పంపకాల కోసం చేను కొలిపించాం. సర్వేయరు గొలుసు లాగించి, పటం గీసి, “అయిదు మూలలండీ. సరేనా?” అని నావైపు చూశాడు. ఎవరి లెక్కనైనా రెండుసార్లు సరిచూడందే ఒప్పుకోని మనిషిని. మునేటి గట్టున ఆ విరిగిన మూల దగ్గర నిలబడి, గొంతుదాకా వచ్చిన ‘నాలుగు’ని మింగి, అయిదని ఒప్పుకుంటూ సంతకం పెట్టాను.