రాజమ్మక్క ఫొటో

విశాఖలో మా కాలేజీ లైబ్రరీలో హిజ్రాలు, స్వలింగ ప్రేమికుల వంటి క్వియర్ మనుషుల చరిత్రకు పోరాడి ఒక బీరువా సంపాదించాను. అందులోకి హిజ్రాల పాత ఫొటోలు వెతుకుతూ సంగారెడ్డి వెళ్లాను. అక్కడి గ్రంథాలయంలో ఒక్కటీ దొరకలేదు. ఉసూరుమంటూ మంచినీళ్ల కోసం ఎదుటి కిరాణా దుకాణానికి వెళ్తే, గల్లాపెట్టె మీద దేవుళ్ల పటాల వరసలో, కొబ్బరికాయ కొడుతున్న ఒక హిజ్రా ఫొటో!

"మా రాజమ్మక్క. దుకాణం వెట్టిన నాడు మా నాయిన ఆమెతోనే కొబ్బరికాయ కొట్టించిండు. గప్పటిసంది మాకు ఏ లోటు రాలే," అన్నాడు షావుకారు.

మా బీరువాలో భద్రంగా ఉంటుంది, ఇమ్మని బతిమాలాను.

"ఫోన్ల ఫొటో తీస్కోండ్రి మేడమ్. పటం మాత్రం ఇయ్య. మీ బీరువల వెడితే ఆమెకు పొద్దుగాల దండం ఎవరు వెడ్తరు?"

ఫోన్‌లోనే తీసుకున్నాను. మా కేటలాగులో 'అసలు ప్రతి ఉన్న చోటు' అన్నదాని ఎదురుగా ఇలా రాశాను: సంగారెడ్డి, కిరాణా దుకాణం, లక్ష్మీదేవి పక్కన.